అడ్వాన్సు పొట్టేలు

నా మూతి వంక అలా చూడకండి. చెబుతాను. మీసం ఎటు పోయిందో తెలియాలంటే, ముందు పొట్టేలు ఎటు నుంచి వచ్చిందో తెలియాలి.

నల్గొండ బస్టాండు వెనక సందులో నాది గోలీ సోడా దుకాణం. ముందు గదిలో మిషను, వెనక గదిలో సంసారం. రెండింటి మధ్యా గోడ ఉందని నా నమ్మకం, లేదని మా ఆవిడ పుల్లమ్మ నమ్మకం. ఊళ్ళో అందరూ నన్ను సోడా ఐలేశం అంటారు. మీసాల ఐలేశం అని కూడా అంటారు. ఆ రెండో పేరు జనంలోకి పోవడానికి నేనే చాలా కష్టపడ్డాను.

మీసమంటే మామూలు మీసం కాదు. రెండు కొనలూ పైకి తిరిగి, చెవుల క్షేమసమాచారాలు కనుక్కుని వచ్చేవి. ఒక చేత్తో సోడా మిషను తిప్పితే రెండో చేత్తో మీసం తిప్పేవాణ్ణి. రెండో పనిలో గ్యాసు ఎక్కువ ఖర్చవుతోందని పుల్లమ్మ అనేది.

మా తాతముత్తాతలు గొర్రెల వెనక నడిచారు. నేను నడవనని పంతం పట్టి టౌనుకు వచ్చాను. మా బావమరిది కురుమయ్య మాత్రం పెళ్ళిలో కలిసినా, చావులో కలిసినా ఒకటే మాట.

"గ్యాసు పని నడవకపోతే ఒక్క కేకెయ్యి బావా. నా మందకు మనిషి తక్కువున్నడు."

ఎనభై ఎనిమిదిలో ఆ కేక నా గొంతు దాకా వచ్చింది. పెద్ద కంపెనీల కూల్‌డ్రింకులు బస్టాండు షాపుల్లో దిగాయి. జనానికి కడుపుబ్బరం వచ్చినప్పుడు తప్ప నేను గుర్తుకు రావడం మానేశాను. ఊరందరికీ రోజూ కడుపుబ్బరం రావాలని కోరుకోవడం తప్పు. కోరుకున్నాను. అయినా రాలేదు.

సరిగ్గా అప్పుడు జానయ్య వచ్చాడు. నందికొండలో డ్యాం చూడ్డానికి వచ్చేవాళ్ళు పడవ ఎక్కే చోట అతనికి క్యాంటీను ఉంది.

"నారింజ రంగు తియ్యటి సోడా చెయ్యి ఐలేశం. ఎండాకాలం పొడుగునా నీ తాననే తీసుకుంట. కాని సీసా మీద సర్కారు ముద్ర ఉండాలె. ముద్ర లేకుంటే పడవ మీదికి రానియ్యరు."

తియ్యటి రంగు సోడాకు లైసెన్సు కావాలి. లైసెన్సు కావాలంటే హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చి, దుకాణం శుభ్రంగా ఉందో లేదో చూసి పోవాలి. లైసెన్సు వస్తే నందికొండ. రాకపోతే కురుమయ్య మంద. మధ్యలో ఇంకో ఊరు లేదు.

హైదరాబాదు వెళ్ళి అర్జీ ఇచ్చాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. చాయకు కూడా అడగలేదు. అదే నా కొంప ముంచింది. అడిగితే ఇచ్చి నిశ్చింతగా ఉండేవాణ్ణి. అడగకపోయేసరికి, పని కాదేమోనని భయం పట్టుకుంది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఇస్తే తప్ప ప్రాణం కుదుటపడేలా లేదు.

దేవునికిచ్చాను.

తిరుగు బస్సులో నేరుగా బావమరిది ఊళ్ళో దిగాను. వాడి మందలోంచి బలిసిన పొట్టేలును తీసుకుని, పసుపు పూసి, మెడలో గంట కట్టి, గట్టు మీది దేవుని పేరు మీద విడిచాను. దేవుని పేరు మీద విడిచిన పొట్టేలును మావాళ్ళు కట్టెయ్యరు, కొట్టరు, అదిలించరు, అమ్మరు. మొక్కు తీరేదాకా అది ఎటు పోతే అదే దాని దారి. అందుకని తెలివైనవాళ్ళు దాన్ని మందలో విడుస్తారు.

నేను ఇంట్లో విడిచాను. కళ్ళ ముందుంటే దేవునికి గుర్తుంటుందని.

"గిదేందయ్యా?" అంది పుల్లమ్మ.

"పొట్టేలు."

"కండ్లు నాకు గూడ ఉన్నయి. ఎందుకు?"

"లైసెన్సొస్తే గట్టు దేవునికిస్తనని మొక్కిన."

"లైసెన్సొచ్చిందా?"

"రాలే."

"మరి పొట్టేలెట్లొచ్చింది?"

"అడ్వాన్సు."

పుల్లమ్మ పొట్టేలును పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. ఇద్దరిలో ఎవరిని ఇస్తే దేవుడు సంతోషిస్తాడా అని ఆలోచిస్తున్నట్టుంది.

"మనుషులు ముందే తీసుకుంటరు. దేవుడు గూడ గట్లనే అనుకున్నవా?"

ఆ రోజు నుంచి పొట్టేలు పేరు అడ్వాన్సు. పేరు పెట్టింది మా ఆవిడే. పిలిస్తే పలికేది. నేను పిలిస్తే కాదు, చక్కెర సంచి మూతి విప్పితే.

నెల తిరక్కముందే హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. తనిఖీ తారీకు, షరతులు. పుల్లమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నేను ఆరులో ఆగాను. అందుకని ఆమె చదివింది, నేను విన్నాను. మా కాపురంలో మొదటి నుంచీ ఇదే పద్ధతి.

"గోడలకు సున్నం. కిటికీలకు జాలీ. పని చేసేటోళ్ళకు టైఫాయిడ్ సూది. నెత్తికి టోపీ. నీళ్ళకు పరీక్ష. ఆవరణల పశువులు, పక్షులు ఉండొద్దు."

నేను మెల్లగా అడిగాను. "పొట్టేలు పశువు కిందికొస్తదా?"

"పక్షి కిందికైతే రాదు."

సున్నం వేశాం. తడి ఆరకముందే అడ్వాన్సు గోడ పొడుగునా వీపు రుద్దుకుంటూ నడిచింది. గోడ పసుపైంది, పొట్టేలు తెల్లబడింది. మళ్ళీ వేశాం. దవాఖానకు పోయి సూది వేయించుకున్నాం. పుల్లమ్మ వేయించుకుని ఇంటికి వచ్చి వంట చేసింది. నేను వేయించుకుని దవాఖానలోనే పడుకున్నాను. సూది ఇంకా గుచ్చలేదని నర్సు తర్వాత చెప్పింది.

పుల్లమ్మ పాత ధోవతి చింపి రెండు టోపీలు కుట్టింది.

"పెట్టుకో."

"నేను పెట్టుకోను. మీసాల ఐలేశం నెత్తి మీద సంచి ఏందే?"

"పోనీ ఆ మీసమన్న జర కత్తిరియ్యి. పాకం కలిపేటప్పుడు డ్రమ్ముల దాకా వంగుతవ్. కొనలు లోపల ఈత కొడుతున్నయి."

"మీసం ముట్టుకుంటే మర్యాద ఉండదు!"

"ఎవరికి?"

నేను మీసం దువ్వాను.

"మీసం కోసం లైసెన్సు పోతదో, లైసెన్సు కోసం మీసం పోతదో చూస్త" అంది పుల్లమ్మ, ఉల్లిగడ్డ తరుగుతూ. ఆమె కత్తిపీట ముందున్నప్పుడు అన్న మాటలను నేను పట్టించుకుని ఉండాల్సింది.

ఇంతలో ప్రెస్సు నుంచి లేబుళ్ళు వచ్చాయి. సీసా మీద అతికించడానికి నా ఫోటోతో నేనే అచ్చు వేయించాను. మీసాల సోడా. నమూనా సీసాలకు మైదా జిగురుతో అతికించి, పెరట్లో ఆరబెట్టి, లోపలికి వెళ్ళి చాయ తాగి వచ్చాను.

అడ్వాన్సు నన్ను తింటోంది.

సీసా తర్వాత సీసా, ముఖం తర్వాత ముఖం, మైదాతో సహా నాకుతోంది. కొట్టకూడదు. అదిలించకూడదు. చేతులు కట్టుకుని నిలబడి నా ముఖాలు ఒక్కొక్కటే పోవడం చూశాను. చివరి సీసా మీద ఒక మీసం కొన మిగిలింది. అడ్వాన్సు నా వైపు చూసి, ఆ కొన కూడా నాకింది.

ఇక లాభం లేదని వహీద్ దగ్గరికి వెళ్ళాను. వహీద్ బస్టాండు ఎదుట గడియారాలు బాగు చేస్తాడు. అతని దుకాణంలో గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒక టైము చూపవు. అతని సలహాలూ అంతే. అయినా ఊరంతా అతన్నే అడుగుతుంది, ఎందుకంటే పైసలు తీసుకోడు.

"భాయ్, పొట్టేలును తోలొద్దు. అంతే కద?"

"అంతే."

"పిలవొచ్చు కద? చక్కెర చూపిచ్చి మెట్ల మీదికెల్లి డాబా మీదికి పిలువు. కింద ఆఫీసరు, మీద పొట్టేలు. ఫికర్ ఎందుకు? నీ ఇన్నేండ్ల ఉమర్‌ల ఏ ఆఫీసరన్న మెట్లెక్కంగ చూసినవా?"

ఆలోచించాను. నిజమే. నేను చూసిన ఆఫీసర్లందరూ కుర్చీ చూడగానే అందులో కూలబడి, సోడా తాగి, సంతకం పెట్టి పోయేవాళ్ళే. పథకం అద్భుతంగా అనిపించింది. పుల్లమ్మకు చెప్పలేదు. మంచి పథకాలను నేను ఆమెకు చెప్పను. చెబితే మంచివిగా మిగలవు.

తనిఖీ రోజు పొద్దున్నే చక్కెర చూపించుకుంటూ అడ్వాన్సును డాబా ఎక్కించాను. కిందికి వచ్చి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసానికి నూనె రాసుకుని, పూలదండతో నిలబడ్డాను. పెద్ద బొజ్జ, పెద్ద బ్యాగు, జీపు వస్తాయనుకున్నాను.

గుడ్డ సంచీ తగిలించుకుని, బస్సు దిగి, సన్నగా ఓ అమ్మాయి వచ్చింది.

"ఐలేశంగారు మీరేనా? నా పేరు మంజులత. తనిఖీకి వచ్చాను."

దండ వేయబోయాను. వద్దంది. కుర్చీ వేశాను. కూర్చోలేదు. సోడా ఇచ్చాను. "తర్వాత" అంది. నా గుండెలో మొదటి గోలీ కిందికి జారింది. కూర్చోని ఆఫీసరును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

గోడలు చూసింది. జాలీలు చూసింది. టోపీ పెట్టుకున్న పుల్లమ్మను చూసి తల ఊపింది. టోపీ లేని నన్ను చూసి తల ఊపలేదు.

అప్పుడు మీద నుంచి వినబడింది. టింగ్.

"అదేమిటి?"

"సైకిల్ బెల్లు మేడం. రోడ్డు మీద."

టింగ్ టింగ్.

"మీద నుంచి వస్తోంది."

"పూజ మేడం."

"డాబా మీద పూజా?"

"సూర్యుడికి."

పుల్లమ్మ నా వైపు తిరిగింది. అప్పుడే ఆమెకు అంతా అర్థమైంది. టోపీ సర్దుకుంది, యుద్ధానికి పోయేవాళ్ళు తలపాగా సర్దుకున్నట్టు.

"నీళ్ళ ట్యాంకు ఎక్కడుంది?" అంది మంజులత.

ట్యాంకు డాబా మీద ఉంది. ఈ సంగతి నాకు తెలుసు, వహీద్‌కు తెలుసు. ఇద్దరికీ తెలిసినా ఇద్దరి బుర్రల్లోనూ ఒకేసారి తట్టలేదు, అతని గడియారాల లాగే.

"నీళ్ళు కిందనే తెస్త మేడం! మెట్లు పాతయి, జారుతయి!"

అప్పటికే ఆమె సగం మెట్ల మీద ఉంది.

డాబా మీద సిమెంటు ట్యాంకు. దాని మూత మీద పుల్లమ్మ ఎప్పుడో ముందుచూపుతో పెట్టిన పెద్ద రుబ్బురోలు. రుబ్బురోలు పక్కన, ట్యాంకు మీదే, నాలుగు కాళ్ళూ కూడగట్టుకుని, బొమ్మలా నిలబడి అడ్వాన్సు.

"ఇదేమిటి ఐలేశంగారూ?"

"మాది కాదు మేడం. ఏడికెల్లి వచ్చిందో! అయ్యో, చూడుండ్రి, ఎవరి గొర్రెనో పాపం!"

పక్క డాబా మీద వడియాలు పెడుతున్న నర్సింగమ్మ సరిగ్గా అప్పుడే నిలబడి అరిచింది.

"ఓ ఐలేశం! నీ అడ్వాన్సు గోడ దుంకొచ్చి నా వడియాలు బుక్కి పాయె! ఎవరిస్తరు నాకు?"

మంజులత కళ్ళు చిన్నవయ్యాయి. "అడ్వాన్సా? ఎవరికిచ్చిన అడ్వాన్సు?"

"దేవునికి మేడం."

"ఎందుకు?"

"మీరు... మీరు రావాల్నని."

మంజులత "దీన్ని ముందు దింపండి" అని పుల్లమ్మతో కలిసి కిందికి వెళ్ళిపోయింది.

దింపడమా? తోలకూడదు, లాగకూడదు. పిలవాలి. పొద్దున చూపించిన చక్కెర అయిపోయింది. దండం పెట్టాను, బతిమాలాను, నా చొక్కా గుండీ తినమని ఇచ్చాను. గుండీ తిని, వెనక్కి రెండడుగులు వేసి, తల వంచి ముందుకు వచ్చింది. దేవుని పేరున్న జంతువు కాబట్టి, అది పొడవడాన్ని నేను ఆశీర్వాదం అనుకుని, గోడ అవతల నర్సింగమ్మ వడియాల మీద పడ్డాను. నర్సింగమ్మ ఆశీర్వాదం వేరేగా ఉంది.

వడియాల్లోంచి తల ఎత్తి చూస్తే, కింద పెరట్లో పాకం డ్రమ్ము దగ్గర మంజులత, పుల్లమ్మ నిలబడి ఉన్నారు. మంజులత చెంచా మీది ఏదో తీసి వెలుతురుకు పట్టి చూపిస్తోంది. పాకం పలుచనో చిక్కనో చెబుతోంది కాబోలనుకున్నాను. పుల్లమ్మ తలెత్తి నా ముఖం వంక చూసింది. ఎంతో ఆప్యాయంగా చూసింది. పెళ్ళైన కొత్తలో కూడా అలా చూడలేదు.

నేను దిగేసరికి మంజులత సంచీ భుజాన వేసుకుంది.

"నీళ్ళు బాగున్నాయి. ట్యాంకు మూత బాగుంది. మీ ఇంటామె పని శుభ్రంగా ఉంది. వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పటికీ పొట్టేలు ఇక్కడే ఉంటే లైసెన్సు రాదు."

ఆమె బస్సెక్కాక గాని నాకు అసలు సంగతి తట్టలేదు.

పొట్టేలు పోతే గాని లైసెన్సు రాదు. లైసెన్సు వస్తే గాని పొట్టేలు పోదు.

వహీద్ దగ్గరికి పరుగెత్తాను. అతను కంటికి భూతద్దం పెట్టుకుని నన్నే ఓ గడియారంలా చూశాడు.

"భాయ్, ఇద్దరు పెద్దోళ్ళ నడుమ ఇరికినవ్. సర్కారుకైతే పైన ఇంకో సర్కారుంటది, అప్పీలు చేసుకోవచ్చు. దేవునికి పైన ఎవరున్నరు?"

జానయ్య కబురు పంపాడు: ఉగాది దాకా చూస్తాను, ఆ తర్వాత వేరే ఊరి సోడా. కురుమయ్య కూడా కబురు పంపాడు: గొంగడి కొత్తది కొని పెట్టాను బావా, కర్ర కూడా.

నేను మంచం ఎక్కాను. అడ్వాన్సు మంచం పక్కకు వచ్చి పడుకుంది. రాబోయే జీవితానికి అలవాటు చేస్తోంది.

అప్పుడు పుల్లమ్మ చీర మార్చుకుంది.

"గట్టుకు పోతున్న. పెద్దమనుషులను అడుగుత. మొక్కు మార్చే తరీక ఏదన్న ఉంటదేమో."

సాయంత్రానికి తిరిగొచ్చింది. కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగింది. ఇంకోసారి తాగింది.

"ఏమన్నరే?"

"మార్చొచ్చంట. పొట్టేలును దేవుని పేరు మీదనే మా తమ్ముని మందల కలపాలె. సీసల గాలి నింపినట్టు మాట నింపి మొక్కినోడు, తన మొక్కు తనే తీర్చుకోవాలె."

"ఎట్ల?"

"వెంట్రుకలియ్యాలె."

"గంతేనా! ఇస్త!"

"మీసం గూడ."

నేను రెండు చేతులతోనూ మీసం పట్టుకున్నాను.

"మీసం వెంట్రుకల కిందికొస్తదా?"

"పక్షి కిందికైతే రాదు."

"కొనలిస్తే చాలదా?"

"దేవునితోటి బేరమా?"

"పోనీ ఒక దిక్కు?"

"ఒక దిక్కు మీసంతో నందికొండ పోయి పడవెక్కుతవా? ఎక్కు. పడవ గూడ ఒక దిక్కే ఒరుగుతది."

గట్టు మీద మంగలి కత్తి పెట్టే ముందు అడిగాడు, "మీసం గూడనా అన్నా?" అని. అతని గొంతులో నాకన్నా ఎక్కువ బాధ ఉంది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కురుమయ్య నా ముందు నిలబడి ఎవరికోసమో వెతుకుతున్నాడు.

"బావ రాలేదా అక్కా?"

అడ్వాన్సు అతని మందలో కలిసి, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నా చొక్కా గుండీ తిన్న విశ్వాసం కూడా లేదు.

ఉగాదికి ముందే మంజులత మళ్ళీ వచ్చింది. తెల్ల టోపీ పెట్టుకుని వాకిట్లో నిలబడ్డ నన్ను చూసి, "ఏమయ్యా, ఓనరు లేడా?" అంది.

"నేనే మేడం."

తేరిపార చూసింది. చూసి, మొదటిసారి కుర్చీలో కూర్చుంది. సోడా అడిగి తాగింది. సంచీలోంచి కాగితాలు తీసింది.

"శభాష్ ఐలేశంగారూ. రెండు లోపాలూ సరి చేశారు. ఇంత త్వరగా ఎవరూ చెయ్యరు."

"రెండా మేడం? పొట్టేలు ఒక్కటే కద?"

"మీసం. ఆ రోజు పాకంలో పొడుగాటి వెంట్రుక దొరికింది కదా. కొన వైపు నల్లగా, మొదట్లో తెల్లగా. రంగు వేస్తారనుకుంటాను. ఆ మీసం ఆ డ్రమ్ము మీద ఉన్నంతకాలం సంతకం పెట్టనని మీ ఇంటామెతో చెప్పాను. మీకు చెప్పలేదా?"

పుల్లమ్మ కిటికీ జాలీలో ఎన్ని కన్నాలున్నాయో ఎంతో శ్రద్ధగా చూస్తోంది.

మంజులత సంతకం పెట్టి బస్సెక్కింది. నేను తలుపు వేశాను.

"గట్టు మీద పెద్దమనుషులు మీసం గూడ ఇయ్యమన్నరంటివి?"

"పొట్టేలును మందల కలిపి, కొబ్బరికాయ కొడితే చాలన్నరు."

"మరి వెంట్రుకలు?"

"గది నేను కలిపిన."

"నాకు సీదగ చెప్తే ఏమయితుండె?"

"చెప్పలేదా? టోపీ పెట్టుకొమ్మన్న, లొల్లి. కొనలు కత్తిరియ్యమన్న, మర్యాద. మేడం చెప్పిందంటే పరువు అందువు. దేవుడు చెప్పిండన్న. కిక్కురుమనకుండ కూసున్నవ్."

"దేవుని పేరు మీద అబద్ధమాడుతవానే!"

పుల్లమ్మ టోపీ తీసి, మడిచి, నా నున్నటి గుండు మీద పెట్టింది.

"నువ్వు దేవునికి లంచం పెట్టొచ్చు గాని, నేను ఒక్క మాట కలపొద్దా?"

నందికొండకు మొదటి పెట్టెలు పోయే రోజు కొత్త లేబుళ్ళు వచ్చాయి. నా ఫోటో ఎట్లాగూ పనికిరాదు, ఆ మనిషే లేడు. బోర్డులు రాసే పెయింటరుతో పుల్లమ్మే బొమ్మ వేయించింది. పొట్టేలు మార్కు సోడా. నారింజ రంగు మీద ఠీవిగా తల ఎత్తిన అడ్వాన్సు.

చాలాసేపు చూశాను. ఏదో తేడా కనబడింది.

"పొట్టేలు బాగనే ఉంది గని, కొమ్ములేందే గిట్లున్నయి? సన్నగ, కొనలు మీదికి తిరిగి..."

"పెయింటరు పొట్టేలును చూడలేదు. కొమ్ములెట్ల వెయ్యాలె అని అడిగిండు. మన పెండ్లి ఫోటో చూపిచ్చిన."

మీరెప్పుడైనా నందికొండ పోయి పడవ మీద నారింజ సోడా తాగితే, తాగేముందు సీసాను ఓసారి ఇటు తిప్పి చూడండి. పొట్టేలు తల మీద ఉన్నవి కొమ్ములు కావు. నావే.